కుట్టు విప్పని డబ్బా

6 ఫిబ్రవరి 1961, సోమవారం. ఎమ్మిగనూరు, కంప్లి పక్కన

జనాభా లెక్కల కాగితాలు వచ్చాయి. మిగతా మేష్టర్లకు వీధులు పడ్డాయి, నాకు తుంగభద్రలోని గడ్డలు పడ్డాయి. ఏటి మధ్య ఇసుక మీద పుచ్చపాదులు వేసుకుని గుడిసెల్లో ఉండేవాళ్ళనూ, చేపలు పట్టేవాళ్ళనూ రాసుకురావాలి. పాపం కేశవరావుకు నీళ్ళు తగిలాయని అందరూ జాలిపడ్డారు. అడిగి పుచ్చుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మా వీధి శివరామకృష్ణయ్య గారు వచ్చారు. దివిసీమలో బంధువుల పెళ్ళి చూసుకుని నిన్ననే దిగారట. మా అత్తగారింటి నుంచి ఒక డబ్బా తెచ్చారు. తెల్లగుడ్డలో పెట్టి నాలుగు పక్కలా కుట్టేసి ఉంది.

"ఉత్తరం ఏమైనా ఇచ్చారా?" అని అడిగాను.

"లేదయ్యా, డబ్బా ఒక్కటే. నీ చేతికే ఇమ్మని అమ్మాయి మరీమరీ చెప్పింది."

నెయ్యి వాసన, వేయించిన మినుముల వాసన. సున్నుండలు. ఆరు నెలల తర్వాత సరోజిని పంపింది సున్నుండలు! ఒక్క ముక్క రాయడానికి మాత్రం చేతులు రాలేదు. నేను తినను.

7 ఫిబ్రవరి

రామసుబ్బమ్మ అత్తయ్య పొద్దుటి నుంచీ డబ్బా చుట్టూ తిరుగుతోంది. "విప్పరా, ముక్కిపోతాయి" అంటుంది. మా నాన్న చెల్లెలు, నన్ను పెంచిన మనిషి. కాదనలేను, కానీ విప్పలేదు. కుట్టు సరోజినిదే. దారం రెండు పేటలు వేసి గింజ దూరనంత దగ్గరగా కుడుతుంది. విప్పాలంటే బ్లేడు కావాలి. ఇంట్లో బ్లేడు లేదు.

ఒక సంగతి ఇక్కడ రాసుకోవాలి. ఆగస్టులో ఆమె పుట్టింటికి వెళ్తానంది, వెళ్ళింది. నేను రెండు ఉత్తరాలు రాశాను, క్షేమమని. అటునుంచీ రెండు వచ్చాయి, క్షేమమని. ఇందులో నా తప్పేమీ లేదు.

8 ఫిబ్రవరి

బ్లేడు ఉంది. గడ్డం గీసుకున్నాను.

10 ఫిబ్రవరి

లెక్క మొదలైంది. గడ్డలకు వెళ్ళేలోపు ఏటి ఒడ్డున రెండు వీధులు కూడా నా నెత్తిన వేశారు. నియమాలు బాగానే ఉన్నాయి. ఈ ఇరవై రోజుల్లో ఒక్కనాడైనా ఇంట్లో ఉన్న మనిషినే ఆ ఇంట్లో రాయాలి. మొత్తం రోజులూ బయటే ఉంటే ఎక్కడుంటే అక్కడివాళ్ళే రాసుకుంటారు. చచ్చిపోయినవాళ్ళను రాయకూడదు. పది రోజుల బిడ్డయినా బతికి ఉంటే రాయాలి.

మా ఇల్లు చివర్లో రాస్తాను. లెక్క రాసేవాడి ఇల్లు ఎక్కడికీ పోదు.

17 ఫిబ్రవరి

పుట్టి మాట్లాడుకున్నాను. పుట్టివాడి పేరు పక్కీరప్ప. యాభై ఏళ్ళుంటాయి, ఎదుటివాడు మాట్లాడేదాకా మాట్లాడడు. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, దానికి బర్రెతోలు తొడిగిన పుట్టి. దాన్ని హరిగోలు అంటాడు. తడిసిన తోలు మెత్తబడి కుళ్ళిపోతుందట, అందుకని రోజూ సాయంత్రం ఒడ్డున బోర్లించి ఆరబెట్టాలి.

ఎక్కేముందు నా సామానంతా ఇసుకలో పెట్టించి ఒక్కొక్కటీ చూశాడు. రేకు పెట్టెలో లెక్క కాగితాలు, దాని మీద ఆఫీసువాళ్ళిచ్చిన మైనపు గుడ్డ. దానికి ఏమీ అనలేదు. నా పరుపుచుట్ట దగ్గర ఆగాడు.

"తినేది ఏమన్నా ఉంటే ఈడ ఇయ్యి అయ్యవారూ. నా కుండలో యేస్తా."

అతని కుండ సంగతి రాయాలి. అందులో ఎండుచేపలు, రొట్టెలు, ఉల్లిగడ్డ కారం. మూత పెట్టి, మూతి చుట్టూ రాగిపిండి ముద్ద మెత్తి, పైన గుడ్డ కడతాడు. మూతికి ముక్కు ఆనించి చూశాను, పిండి వాసన తప్ప ఇంకేమీ లేదు. రాత్రికి దాన్ని పుట్టికి దూరంగా చెట్టుకు వేలాడదీస్తాడట. తిన్నాక చేతులు ఇసుకతో తోముకోకుండా ఎవరూ పుట్టిని తాకకూడదట.

"ఎందుకంత?"

"మూడేండ్ల కింద కంప్లి సంతకు బెల్లం యేసుకపోయినా. పాకం కారి తోలుకంటింది. కడిగినా. బాగా కడిగినాననే అనుకున్యా. తెల్లారి చూస్తే నక్కలు సగం తోలు తినేసినాయి. ఇప్పుడు దరోజి గుట్టల్నుంచి కరడి గూడా దిగతాండాది, చెరుకుతోటల కోసరం. దానికి ముక్కే కండ్లు." కరడి అంటే ఎలుగుబంటి.

"నా దగ్గర తినేదేమీ లేదు" అన్నాను.

"ఆ చుట్టలో ఏంది?"

"సిరా పొడి. గవర్నమెంటుది."

అతను వాసన చూశాడు. చీమలు పట్టకుండా నిన్ననే పరుపులో గుప్పెడు కలరా ఉండలు పోశాను, ఆ ఘాటుకు తుమ్మాడు.

డబ్బా ఇంట్లో వదిలితే అత్తయ్య విప్పేస్తుంది, లేదా చీమలు పడతాయి. అందుకే తెచ్చాను. వేరే కారణం లేదు.

18 ఫిబ్రవరి. మొదటి గడ్డ

నలభై ఒక్క మంది. కాగితాలు పొడిగా ఉన్నాయి.

19 ఫిబ్రవరి

మధ్యాహ్నం రాళ్ళ మధ్య సుడిలో పుట్టి గిర్రున తిరిగింది. దోసెడు నీళ్ళు లోపల పడ్డాయి. నేను పెట్టె మీద పడుకోబోయి పరుపుచుట్ట మీద పడుకున్నానట, పక్కీరప్ప అన్నాడు. "గవర్నమెంటు కాగితాలు ఆ పక్క ఉండాయి అయ్యవారూ. నువ్వు సిరాను కావిలించుకున్యావు."

నవ్వాను. అతను నవ్వలేదు.

ఒక దిద్దుబాటు. ఆమె వెళ్తానంది అని ఏడో తేదీన రాశాను. సరిగ్గా చెప్పాలంటే, ఈ నీళ్ళు నీకు పడలేదు, కొన్నాళ్ళు మీ ఊళ్ళో ఉండమని నేనన్నాను. ఆమె సరేనంది. ఆమె ఆరోగ్యం కోసమే అన్నాను.

20 ఫిబ్రవరి

ఎండ ముదురుతోంది. పరుపుచుట్టకు ఒకపక్క జిడ్డు మరక కనిపించింది. మరక లోపలికి పోయేట్టు తిప్పి చుట్టాను.

21 ఫిబ్రవరి. హొన్నమ్మ గడ్డ

ఈ గడ్డకు పేరు లేదు. అరవై ఏళ్ళ హొన్నమ్మ అనే ఆవిడ ముప్పై ఏళ్ళుగా పుచ్చకాయలు పండిస్తోంది కనుక ఆవిడ పేరే రాశాను. గుడిసె ముందు కూర్చుని చీటీ తీశాను.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దురు. నేను, నా మొగుడు."

"ఆయన ఎక్కడ?"

"సచ్చిపోయి నాలుగేండ్లాయ."

రాయకూడదమ్మా అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. "ఈ ఇసకలో మొదట గుంత తీసింది ఆయప్ప. నేను తినే ప్రతి కాయా ఆయప్పదే. నువ్వు రాసుకోకపోతే లేకుండా పోతాడా? పో, ఒక్కదాన్నే రాసుకో." రాసుకున్నాక తనే కాయ కోసి పెట్టింది. "నీకు పిల్లోళ్ళు ఎంతమంది అయ్యవారూ?"

లేరని చెప్పాను. చెప్పాక చాలాసేపు పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. మంచి పెన్సిలు, సగం అయిపోయింది.

22 ఫిబ్రవరి, బుధవారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

గడ్డ అటు కొసన ఇంకో ఆరు గుడిసెలున్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరం నడిచి వెళ్ళాం. పుట్టిని ఒడ్డున బోర్లించి, దాని కింద నా పెట్టె, పరుపుచుట్ట పెట్టాం. కుండ దూరంగా తుమ్మచెట్టుకు వేలాడుతోంది. పొద్దువాలే వేళకు తిరిగి వస్తుంటే హొన్నమ్మ కేకలు వినిపించాయి. "కరడి! కరడి!"

పరుగెత్తాం. ఎలుగుబంటి పుట్టి లోపల ఉంది. తోలు చీల్చుకుని, బద్దలు విరగ్గొట్టి దూరింది. రెండు ముందుకాళ్ళ మధ్య డబ్బా పట్టుకుని మూతి లోపల పెట్టింది. పక్కీరప్ప తెడ్డుతో బండను బాదుతూ అరిచాడు. హొన్నమ్మ తప్పేలా వాయించింది. నేనేం చేశానో నాకు గుర్తు లేదు. అది తీరిగ్గా తలెత్తి మమ్మల్ని చూసి, మోకాటిలోతు నీళ్ళలో నడుచుకుంటూ అవతలి ఒడ్డెక్కిపోయింది.

చెట్టుకున్న కుండను అది ముట్టనే లేదు.

పెట్టె దూరంగా దొర్లి పడి ఉంది, గీతలు పడ్డాయిగానీ తాళం ఊడలేదు. కాగితాలు క్షేమం. పుట్టికి మాత్రం నా చెయ్యంత పొడుగున రెండు చీలికలు. పరుపు దూది ఇసుకంతా పరుచుకుంది, దూదిలో కలరా ఉండలు. సరోజిని కుట్టిన గుడ్డ పేలికలైంది. పక్కీరప్ప వంగి ఇసుకలోంచి ఒక చిన్న ముక్క ఏరాడు, వాసన చూశాడు, నా అరచేతిలో పెట్టాడు.

"గవర్నమెంటు బో బాగా చేస్తాది అయ్యవారూ, సిరా."

ఇంకేమన్నా అంటే బాగుండును. అతను వెళ్ళి చీలికను రెండు చేతులతో దగ్గరికి పట్టుకుని కూర్చున్నాడు. ఏడేళ్ళుగా అతనికి అన్నం పెట్టిన పుట్టి అది.

సిగ్గుతో చచ్చిపోయాను. "నా తప్పు పక్కీరప్పా, అబద్ధం చెప్పాను" అన్నాను. అతను తల తిప్పకుండానే "ఎవురు చేసినారు?" అని అడిగాడు.

"నా భార్య."

"మరి తినకుండా మోసుకొని తిరుగుతావేంది?"

ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. ఇసుక, నెయ్యి. పాకం కాదు, బెల్లం దంచి కలిపింది. నాకు పంచదార పడదని ఆమెకు గుర్తుంది.

23 ఫిబ్రవరి, పొద్దున్న

హొన్నమ్మ వచ్చి ఒక కాగితం ఇచ్చింది. "నీ లెక్క కాగితం ఒగటి రెల్లులో తగులుకొని నీళ్ళమీద తేల్తాండె. సూడు, ఇంతసేపు నీళ్ళల్లో ఉన్యా తడవలే!"

నాలుగు మడతల కాగితం. నెయ్యి పీల్చుకుని అద్దంలా అయింది. నీళ్ళు దాని మీద బొట్లు బొట్లుగా నిలబడి ఉన్నాయి, దులిపితే జారిపోయాయి. లెక్క కాగితం కాదు. సరోజిని అక్షరాలు. సున్నుండల అడుగున పెట్టి ఉంటుంది. నా చేతికే ఇమ్మని మరీమరీ చెప్పింది అందుకే. పదిహేడు రోజులు అది నా పక్కనే ఉంది!

మరిచిపోకుండా ఉండడానికి కాదు, మళ్ళీ ఒకసారి రాయాలని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మీకు. ఉత్తరం విడిగా పంపితే అందరూ చదువుతారు, అందుకని ఇందులో పెట్టాను. మీరు సున్నుండలు ఆగలేరు కనుక ఆ రోజే చూస్తారు. ఆరు నెలల నుంచి ఒక్క సంగతి తెలియడం లేదు. మీరు నన్ను విశ్రాంతికి పంపారా, వద్దనుకుని పంపారా? పాప పదకొండు రోజులుంది. పేరు పెట్టే రోజునే పోయింది. మీరు ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని మాట ఎత్తలేదు. నేను ఎత్తితే లేచి బడికి వెళ్ళిపోయేవారు, ఆదివారాలు కూడా. నేను దానికి పేరు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు అడిగితే చెబుతాను. ఈ డబ్బా ఎవరి చేతా తిప్పి పంపకండి. రావాలని ఉంటే మీరే పట్టుకు రండి. ఫాల్గుణ పున్నమి దాకా చూస్తాను. మర్నాడు నాన్న నన్ను రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకు తీసుకెళ్తారు. రాకపోతే మిమ్మల్ని ఏమీ అనను. స."

పున్నమి మార్చి రెండు. ఇవాళ ఇరవై మూడు. చీలిన పుట్టి, ఏటి మధ్య గడ్డ.

అదే రోజు, మధ్యాహ్నం

ఇంకో దిద్దుబాటు. సరేనంది అని రాశాను. ఆమె సరేనని కూడా అనలేదు. నేను చెప్పాను, ఆమె పెట్టె సర్దుకుంది. బిడ్డ పోయిన ఇంట్లో ఆమె ముఖం చూడలేక పంపేశాను. ఆమె కోసం కాదు, నా కోసం. నేనే పంపాను.

ఈ వాక్యం రాయడానికి ఆరు నెలలు పట్టింది.

పాప ఏ లెక్కలోనూ లేదు. పోయిన లెక్కకు పుట్టలేదు, ఈ లెక్కకు మిగల్లేదు. హొన్నమ్మ తన మొగుణ్ణి రాయమన్నట్టే నేనూ పాపకు ఒక చీటీ తీసి రాద్దామనుకున్నాను. పేరు గడి దగ్గర ఆగిపోయాను. నాకు పేరు తెలియదు.

24 ఫిబ్రవరి

పక్కీరప్పకు ఉత్తరం సంగతి చెప్పాను. అతను విని, "పున్నమికా?" అని లేచాడు. అంతే, పని మొదలైంది.

చీలిక మీద వేయడానికి తోలు లేదు. నా పెట్టె మీది మైనపు గుడ్డ ఇచ్చాను. అతను తటపటాయించాడు. "మరి కాగితాలు తడిస్తే?" "ముందు పుట్టి తేలాలి కదా" అన్నాను. విరిగిన బద్దలకు అతను కొత్త వెదురు కట్టాడు. గుడ్డ నేను కుట్టాను. దారం రెండు పేటలు, గింజ దూరనంత దగ్గరగా. పదిహేడు రోజులు ఆ కుట్టును చూస్తూ కూర్చున్నవాణ్ణి, చేతికి దానంతట అదే వచ్చింది. అతను గుగ్గిలం కరిగించి కుట్టు మీద పూశాడు. తర్వాత వేలితో కుట్టంతా తడిమి, "యాడ నేర్చుకున్యావు?" అన్నాడు.

"ఇంట్లో."

మైనపు గుడ్డ పోయింది కనుక కాగితాలకు దారి చూడాలి. పక్కీరప్ప తన కుండలోని ఎండుచేపలన్నీ హొన్నమ్మకు ఇచ్చేసి, ఇసుకతో తోమి ఎండబెట్టాడు. లెక్క చీటీలన్నీ అందులో పెట్టాం. మూత, రాగిపిండి, గుడ్డ. వాసన బయటికి పోనియ్యని కుండ నీళ్ళను మాత్రం లోపలికి రానిస్తుందా!

"కొత్త తోలు నేను ఇప్పిస్తాను" అన్నాను.

"ఇయ్యి. అబద్దం మాత్రం మళ్ళా నా హరిగోలు ఎక్కియ్యొద్దు."

26 ఫిబ్రవరి

మిగిలిన రెండు గడ్డలూ పూర్తి. పుట్టిలోకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి, నేను తోడుతూనే ఉన్నాను. కుండ పొడిగా ఉంది.

28 ఫిబ్రవరి. ఎమ్మిగనూరు

లెక్క అప్పజెప్పాను. పైఅధికారి కట్ట విప్పి ముక్కు మూసుకున్నాడు. "ఏమిటయ్యా ఇది, జనాభానా, చేపలా?" ఒక్క చీటీ తడవలేదని చూపించాను. కిటికీ తెరిచి సంతకం పెట్టాడు. రేపటి నుంచి మళ్ళీ ఇళ్ళకు తిరిగి సరిచూసే పని, పక్క వీధి లెక్క రాసిన సీతారామారావు మేష్టారు చేస్తానన్నాడు.

అప్పజెప్పేముందు మా ఇల్లు రాశాను. ఇద్దరు. నేను, అత్తయ్య. సరోజిని చీటీ తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. ఈ ఇరవై రోజుల్లో ఒక్కనాడూ ఆమె ఇక్కడ లేదు. లేని మనిషిని ఉన్నట్టు రాసుకుని నన్ను నేను మోసం చేసుకోవడం ఇక చాలు.

డబ్బా కడిగాను. ఒకపక్క సొట్ట, మూత మీద మూడు గోళ్ళ గీతలు. అత్తయ్య చూసి, "ఈ దిక్కుమాలిన డబ్బా పట్టుకెళ్తావా? కొత్తది కొను" అంది. ఇదే తీసుకెళ్ళాలి అన్నాను. "అయితే ఖాళీగా పట్టుకెళ్ళకు. ఒకరింటి గిన్నె ఉత్తగా తిప్పిస్తామా!" అని ఈ ఊరి బెల్లం నింపింది. పక్కీరప్ప వచ్చి మూతి చుట్టూ రాగిపిండి మెత్తాడు. బస్సు దాకా తనే మోశాడు.

1 మార్చి. రైల్లో

గుంతకల్లు దాటింది. పక్కన కూర్చున్నాయన రెండుసార్లు అడిగాడు డబ్బా పైన పెట్టమని. ఒళ్ళో ఉంటేనే బాగుందన్నాను.

ఆమె ఏమంటుందో తెలియదు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారని అడుగుతుంది. ఎలుగుబంటి వచ్చి విప్పేదాకా నేను విప్పలేదని చెప్పాలి.

2 మార్చి, గురువారం. కృష్ణ రేవులో

దివికి వెళ్ళే పడవ ఇంకా నిండలేదు. పొద్దు వాలుతోంది. తూర్పున చంద్రుడు అప్పుడే కనిపిస్తున్నాడు, గుండ్రంగా.

పడవవాడు డబ్బా చూసి, "ఏవుందండీ అందులో, అంత పదిలంగా పట్టుకున్నారు?" అన్నాడు.

"బెల్లం. మా ఆవిడకి" అన్నాను. "తీసుకురావడానికి వెళ్తున్నాను. వస్తుందో రాదో తెలియదు."

ముక్కూ మొహం తెలియనివాడికి ఇంత చెప్పాలా? చెప్పాను. అతను నా సామాను తడవని చోటికి జరిపి, ఇటు కూర్చోండి అన్నాడు.

రమ్మని ముందు అడగను. క్షమించమని కూడా ముందు అడగను. గుమ్మంలో డబ్బా చేతికిచ్చి, పాప పేరేమిటని అడుగుతాను.

పడవ కదులుతోంది.